ఇద్దరు బద్రీలు

కుతాయిసిలో ఆ నాలుగు చలికాలాలూ
కరెంటు మాకు దూరపు చుట్టం.
చెప్పాపెట్టకుండా వచ్చేది,
కోటయినా విప్పకుండా వెళ్లిపోయేది.

బడికి పుస్తకం మరిచిపోయినా పరవాలేదు,
కట్టె మరిస్తే గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లు.
తలకో కట్టె. లెక్క రాసేది లమారా,
తన కట్టె మాత్రం ఎప్పుడూ రేపు తెచ్చేది.
నానులి ఒకరోజు కుర్చీకాలు తెచ్చింది,
మర్నాడు ఇంకో కాలు,
మూడోనాడు వాళ్ల తాతే వచ్చాడు
కూర్చోమంటే కూర్చోకుండా కుర్చీ సంగతి అడగడానికి.
తమాజ్ మోసుకొచ్చిన పలకలకి పచ్చరంగు.
అవి బడి వెనక కంచెవేనని
పక్కింటి మేక తరగతిలోకి వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.
కంచే చేను మేయడం అందరూ చూసిందే,
మా దగ్గర చేనే కంచెను మేసింది.
మేసి, పొగను మాత్రం అందరి కళ్లలోకీ సమంగా పంచింది.

అల్లరివాళ్లు చివరి బెంచీ వెతుక్కుంటారని విన్నాను.
మా పొయ్యి ముందువైపు ఉండేది.
అందుకే మొదటి బెంచీ కోసం చొక్కాలు చిరిగేవి,
ఎతేరి లాంటి బుద్ధిమంతులు వెనక గోడకంటుకుని
ముక్కుతో పేజీలు తిప్పుకునేవాళ్లు.
"పొయ్యిలో మొద్దులు కాలుతున్నాయి,
పొయ్యి ముందు మొద్దులు కాగుతున్నాయి"
అనేది వెనెరా టీచరు, కళ్లద్దాల మీద ఆవిరి తుడుచుకుంటూ.

ఆవిడ చెప్పేది ఫిజిక్సు.
చీకట్లో, కరెంటు గురించి.
బోర్డును చెవులతో చదివేవాళ్లం.
టకటకమంటే సూత్రం, కీచుమంటే దాని కింద గీత.
"వోల్టేజీ సున్నా అయితే ఇక మిగిలేదేమిటి?"
"నిరోధం, టీచర్" అన్నాడు గోచా,
"మా నాయనమ్మ దగ్గర బోలెడుంది."

మాది మధ్యాహ్నపు బడి, చివరి పీరియడుకి ముఖాలుండేవి కావు.
హాజరంతా గొంతులే.
బద్రీ ఆ వేళకి రొట్టెల క్యూలో ఉండేవాడు,
వాడి హాజరు గోచా పలికేవాడు.
కష్టమేం లేదు, బద్రీకి ఏడాది పొడుగునా జలుబు,
ముక్కు మూసుకుంటే చాలు.
ఒకరోజు పిండి అయిపోయి క్యూ తొందరగా చెదిరింది.
"బద్రీ!"
రెండు మూలల నుంచి రెండు ముక్కులు పలికాయి.

పొయ్యి ఒక్కటే చిటపటలాడింది.
"ఇద్దరు బద్రీలకీ చెరో రెండు"
అంది వెనెరా టీచరు. అయిదుకి రెండంటే తప్పినట్టే.
"రెండూ రెండూ నాలుగు టీచర్,
నాకొక్కడికే వేసెయ్యండి" అన్నాడు అసలు బద్రీ.
ఆవిడ నవ్వింది.
చూడలేదు మేం, విన్నాం.
నాలుగు వేసిందని వాడంటాడు, లేదంటుంది లమారా.
ఇరవై ఎనిమిదేళ్లయింది, రిజిస్టరు కూడా
ఏ చలికాలమో పొయ్యిలోకే పోయి ఉంటుంది.

పోయిన నెల అందరం ఒక హోటల్లో కలిశాం.
వెనెరా టీచరు రెండు ముద్దలు తిని చల్లగా చెప్పింది,
ఆ క్యూలో బద్రీ వెనక
రోజూ నిలబడింది వాళ్లమ్మేనట.

అక్కడ లైట్లు మరీ ఎక్కువ.
బట్టతలలు, పొట్టలు, ఎవరికి ఎవరో తేలడం లేదు.
ఎతేరి లేచి వెళ్లి స్విచ్చి నొక్కింది.
ఇప్పుడు కరెంటాఫీసులో పెద్ద అధికారి, ఆమెకి అది అలవాటైన పనే.
చీకట్లో పద్నాలుగు జతల చేతులు
ఎవరూ చెప్పకుండానే
బల్ల మధ్య పొగలు కక్కుతున్న గిన్నె చుట్టూ చేరాయి.

"బద్రీ!" అంది ముసలి గొంతు.
వాడి నోటి నిండా జున్నురొట్టె.
గోచా ముక్కు మూసుకున్నాడు.